అమ్మ చీరల బొంతకు ఇరవైయొక్క మేకులు

2011లో, తెలంగాణ ఉద్యమం నాడు, మా కామారెడ్డిలో పాట కట్టనివాడు మూగవాడి కింద లెక్క. చౌరస్తాకో టెంటు, టెంటుకో డప్పు, డప్పు వెనక కనీసం ముగ్గురు కవులు. సమ్మెతో బడులు మూతపడి ఉన్నాయి గనక సోషల్ పంతులునైన నేను కూడా ఒక టెంటు కింద చేరి నాలుగు పాటలు కట్టాను. మూడో పాటకు ఎదురుగా కూర్చున్న ముసలాయన కండ్లు తుడుచుకున్నాడు. ఆయనకు కంటి ఆపరేషనై వారమే అయిందని తర్వాత తెలిసింది గాని, అప్పటికే నాలో ఒక మహాగాయకుడు లేచి కూర్చున్నాడు. వాణ్ని తిరిగి పండబెట్టడం ఎవరి తరమూ కాలేదు.

మహాగాయకుడికి స్టూడియో కావాలి. మా ఇంట్లో మూడు అర్రలు. ఒకదాంట్లో మేము, ఒకదాంట్లో దేవుళ్లూ బియ్యం బస్తాలూ, మూడోది ఖాళీ. అది ఖాళీ అని నేను ఒక్కణ్నే అనుకున్నాను.

సంగతి చెబితే మా ఆవిడ నా పాటల గురించి ఏమీ అనలేదు. "వదినొస్తే ఏడ పండుకుంటది?" అని మాత్రం అడిగింది.

వదిన అంటే మా అక్క. నాకంటే పదేండ్లు పెద్ద. ఎల్లారెడ్డిలో ఇచ్చాం. అమ్మా బాపూ పోయాక కూడా రెండు మూడు నెలలకోసారి బస్సు దిగి వచ్చేది, సంచిలో పెసలో మక్కకంకులో పట్టుకొని. ఆ మూడో అర్రలో రెండు రోజులుండి, నా కడుపు పెరిగిందని తిట్టి, మా ఆవిడ చిక్కిందని మెచ్చుకొని పోయేది. మంచం కింద ఆమె సందూక ఉండేది. అందులో రెండు చీరలు, ఒక దువ్వెన, మోకాళ్ల నూనె సీసా, ఒక బొంత.

"హాల్ల పండుకుంటది, ఏమైతది?" అన్నాను. ఏడాదికి పదిహేను రోజుల కోసం మూడువందల యాభై రోజులు ఒక అర్రను కాపలా కాయడం సోషల్ శాస్త్రానికే విరుద్ధమని కూడా అన్నాను. మా ఆవిడ బియ్యం ఏరుకుంటూ, రాళ్లు ఒక్కొక్కటీ నా దిక్కే విసిరింది.

అంతే, పని మొదలైంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే బయటి చప్పుడు లోపలికి రాదని ఒక మేధావి చెప్పాడు. కామారెడ్డిలో గుడ్లమ్మే ప్రతి దుకాణం ముందూ నేను నిలబడ్డాను. అట్టలు మోసుకొస్తుంటే వాడకట్టంతా నేను కోళ్లఫారం పెడుతున్నానని నమ్మింది. ఎదురింటామె ఒక డజను గుడ్లు ముందే చెప్పి పెట్టింది. నాలుగు గోడలూ, తలుపూ, ఇంటికప్పూ అట్టలతో నిండాయి. లోపలికి పోతే గుడ్డులో పిల్లనై నేనే కూర్చున్నట్టుండేది. మైకు పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, గొంతు సవరించి, పల్లవి ఎత్తుకున్నాను. మా గోడకు ఆనుకొని పిండిగిర్ని ఉంది. నా పల్లవి ముగియగానే చరణం అది అందుకుంది. కోడిగుడ్ల అట్టలు గుడ్లను తప్ప దేన్నీ ఆపవని ఆ రోజు తెలిసింది.

మందంగా ఏదైనా కప్పాలి అన్నాడు మేధావి. అప్పుడు నా చూపు సందూక మీద పడింది.

ఆ బొంత మామూలు బొంత కాదు. ఏనుగుకు కప్పితే ఏనుగుకు చెమటలు పట్టేది. అమ్మ పోయిన ఏడు, అమ్మ చీరలన్నీ ముందేసుకొని అక్క ఎండాకాలమంతా కూర్చుని కుట్టింది. పొర మీద పొర, కుట్టు మీద కుట్టు. గిర్ని దిక్కు గోడకు దాన్ని నిలువునా పరిచి ఇరవైయొక్క మేకులు కొట్టాను. నేను ఏ పనీ అంత శ్రద్ధగా చేసినవాణ్ని కాదు. గిర్ని నోరు మూసుకుంది. మిరపకాయలు పట్టినా, పసుపు కొమ్ములు పట్టినా లోపలికి ఈగ మూలిగినంత చప్పుడే. అమ్మ బతికుండగా కూడా వాడకట్టు నోరు ఇట్లాగే మూయించేదని మురిసిపోయాను. సందూకను సజ్జ మీదికి ఎక్కించాను.

నెల తిరగకముందే అక్క వచ్చింది.

సంచి వంటింట్లో పెట్టి, కాళ్లు కడుక్కొని, అలవాటు ప్రకారం అర్ర తలుపు తోసింది. నేను వెనకే నిలబడి కొత్త సినిమా చూపించేవాడిలా నవ్వుతున్నాను. అట్టలు చూసి ఆమె కూడా కొంచెం నవ్వింది. మంచం కోసం చూసింది; లేదు. ఆ తర్వాత గోడను చూసింది. దగ్గరికి పోయి ఒక మేకు మీద వేలు పెట్టింది. రెండో మేకు మీద పెట్టింది. నేను గుండెలనిండా గాలి పీల్చుకొని స్టూడియో గొప్పతనం చెప్పబోయాను.

"గిది అమ్మ పచ్చ చీర గదా తమ్మి," అంది. "గీడ కొంగు. కొంగు మీదనే కొట్టినవ్ మేకు."

అక్కడ నోరు మూసుకొని ఉంటే ఈ పుట్టుకలో నేను చేసిన ఒకే ఒక తెలివైన పని అయ్యేది. కానీ నలుగురిని నవ్వించే రోగం నాది. "అమ్మ నోటికి భయపడి గిర్ని కూడా లోపటికి రాదక్కా," అన్నాను.

ఆమె నవ్వలేదు. నేను ఒక్కణ్నే నవ్వాను. అట్టల గదిలో నవ్వు ఎంత తొందరగా చచ్చిపోతుందో ఆ రోజే మొదటిసారి విన్నాను.

మా ఆవిడ చాయ పెట్టింది. అక్క తాగింది, కోళ్లు గిట్ల ఎట్లున్నయని అడిగిన ఎదురింటామెకు జవాబు చెప్పింది, తన ఊళ్లో వానల సంగతి చెప్పింది. రెండింటి బస్సుకు పోతానంది. మక్కలు కోతకొచ్చినయట. మక్కలు కోతకు రావడానికి అప్పటికింకా నెల రోజులున్నాయని సోషల్ పంతులుకు కూడా తెలుసు. బస్టాండుకు తోడుపోయాను. నిజం రాయాలి గనక రాస్తున్నాను: బస్సు కదలగానే నాకు తేలికైంది. సాయంత్రం కల్లా ఒక పాట రికార్డు చేయొచ్చని తోచింది. చేశాను కూడా. విని చూస్తే గొంతు నాదే గాని, నూతిలో పడ్డ బర్రె ఎవరినో సాయం పిలుస్తున్నట్టుంది.

ఆ తర్వాత అక్క రాలేదు. ఫోను చేసేది, మా ఆవిడకు. నేను ఎత్తితే "మరదలికియ్యి" అనేది, కోపం లేకుండానే. రెండు నెలలకోసారి వచ్చే మనిషి నాలుగైనా రాలేదు, ఆరైనా రాలేదు. మోకాళ్లన్నది, బర్రె ఈనిందన్నది. ఆ లెక్కన మా అక్కవాళ్ల బర్రె ఆ ఏడు మూడుసార్లు ఈనింది.

తర్వాతి ఏడు ఒడిబియ్యం పోయాల్సి వచ్చింది. మా దిక్కు పెండ్లయిన ఆడబిడ్డను మూడేండ్లకో ఐదేండ్లకో పుట్టింటికి పిలిచి, పీటమీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, కొత్తచీర ఒడిలో పోస్తారు. పోసేది అన్నదమ్ములు, వాళ్ల భార్యలు. ఆమె పోతూ పోతూ ఆ బియ్యంలోంచి ఐదు పిడికిళ్లు పుట్టింట్లో వదిలి పోతుంది, పుట్టిల్లు పచ్చగుండాలని. మా అక్కకు ఉన్న అన్నదమ్ముల పటాలమంతా నేను ఒక్కణ్నే.

మా ఆవిడ ఫోను చేసి రమ్మంది. అక్క అన్న మాటను మా ఆవిడ నాకు యథాతథంగా, ఒక్క అక్షరం తగ్గించకుండా అప్పజెప్పింది. "ఈ యేడు వద్దులే పిల్లా. నాకు పుట్టిల్లు ఏడున్నది, పాటల దుకాణమున్నది."

ఆ పూట నేను అన్నం తినలేదని రాస్తే మా ఆవిడ చదివి నవ్వుతుంది. తిన్నాను. తిని, అర్రలోకి పోయి, మేకులు పీకడం మొదలుపెట్టాను. కొట్టేటప్పుడు వెన్నలా దిగినవి వచ్చేటప్పుడు ఒక్కొక్కటి ఒక్కొక్క దారం పట్టుకొని వచ్చింది. ఇరవైయొక్క రంధ్రాలు. కొంగు దగ్గరిది బెత్తెడు చినిగింది. బొంతను మడతపెట్టి, సంచిలో కుక్కి, మర్నాడు పొద్దున ఎల్లారెడ్డి బస్సెక్కాను. బొంత నా ఒళ్లో ఐదేండ్ల పిల్లంత ఉంది. కండక్టరు దానికి కూడా టికెట్ తీసుకొమ్మంటాడేమో అని భయపడ్డాను.

వాకిట్లో బావ మక్కలు ఎండబోస్తున్నాడు. "ఏంది పంతులూ, మూటతోని వచ్చినవ్? నీ పెండ్లాం ఎల్లగొట్టిందా?" అన్నాడు. ఆ మనిషి నాతో పరాచికాలాడుతున్నందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్క అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. బొంత తీసి ఆమె పక్కన పెట్టాను. ఆమె చుడుతున్న బీడీ చుట్టి, దారం కట్టి, కట్టలో పెట్టి, అప్పుడు చూసింది.

దారిపొడుగునా నేను మాటలు కట్టుకున్నాను. క్షమించమనడానికి పల్లవి, రెండు చరణాలు తయారుగా ఉన్నాయి. "అట్టలన్నీ పీకేస్త అక్కా. మంచమేస్త. సందూక కిందికి దించిన," అన్నాను.

"అర్ర నువ్వు తీసుకుంటే నాకేం బాధ తమ్మి?" అంది. "నీ పాటలకే గదా. అక్కా, తీసుకుంటున్నని ఒక్క ఫోను కొడితే అయిపోతుండె. బొంత నేనే ఇస్తుంటి. మేకు గిట్ల కొట్టకుండ, పైన పట్టీలు కుట్టి వేలాడదీసే తీరుగ నేనే కుట్టిస్తుంటి."

నేను తల వంచుకొని ఆమె చాటలోని తునికాకులు లెక్కపెట్టాను. ముప్పైనాలుగు. బావ మక్కల్లోంచి, "వస్తదిలేవయ్యా, ఒడిబియ్యానికి రాకుంట ఉంటదా," అన్నాడు. అక్క చాట పక్కన పెట్టి లేచింది. నాకు అన్నం పెట్టింది. రెండోసారి కూర వేసింది. కడుపు పెరిగిందని మాత్రం తిట్టలేదు. బొంతను ఇంట్లో పెట్టుకుంది.

అట్టలు పీకాను. వాటితోపాటు గోడ సున్నం కూడా పెళ్లలు పెళ్లలుగా వచ్చింది; అర్ర అమ్మవారు పోసినట్టు తయారైంది. మైకు, కంప్యూటరు ఇంకొక కవికి ఇచ్చేశాను. మంచం వేశాను, సందూక కిందికి తోశాను, కొత్త దుప్పటి పరిచాను. అక్క వచ్చింది. బావా వచ్చాడు. హాల్లో పీటేసి ఒడిబియ్యం పోశాం. నేను పోసిన బియ్యం సగం ఒడిలో, సగం చాపమీద పడ్డాయి. మా ఆవిడ గింజ పోకుండా ఏరి ఒడిలో వేసింది. పోయేముందు అక్క ఐదు పిడికిళ్లు దేవుని దగ్గర పోసింది. నేను ఒకటి, రెండు అని లోపల లెక్కపెట్టుకున్నాను, నాలుగుతోనే ఆపేస్తుందేమోనని.

అర్రలోకి పిలిచాం. మంచం మీద కూర్చుంది, దుప్పటి మంచిగున్నదంది. నాలుగింటి బస్సుకు పోయింది. ఈసారి బర్రె సాకు కూడా చెప్పలేదు.

అప్పటినుంచి పండుగలకొస్తుంది, పొద్దున వచ్చి సాయంత్రం పోతుంది. ఒక్క రాత్రి కూడా ఉండలేదు. నేను మాత్రం ఇప్పుడు ప్రతిదానికీ ఫోను కొడుతున్నాను. వంటింట్లో గూడు తీసేయాలన్నా, వాకిట్లో జామచెట్టు కొమ్మ కొట్టాలన్నా ఎల్లారెడ్డికి ఫోను. మా ఆవిడ ఇది చూసి, మున్సిపాలిటీ పర్మిషనుకు కూడా ఇన్నిసార్లు తిరగరంటుంది. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు, ఇల్లంతా రంగులేయిస్తూ ఫోను చేశాను. అర్రకు ఏ రంగు వేయమంటావక్కా అని అడిగాను.

అటువైపు బీడీ కట్టలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. బాపు పోయినా, అమ్మ పోయినా ఈ ఇంటిని అక్క 'మనిల్లు' అనే అనేది.

"నీ ఇల్లు తమ్మి," అంది. "నీ ఇష్టం."