ఎగరలేని కాలితో

సహోదరులారా, ప్రతి శుక్రవారం మ్యాచ్ అయ్యాక నా ఎడమ మోకాలు వంగేది కాదు, బస్సు మెట్టెక్కాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది, మరునాడు అదే కాలితో ఈ గల్ఫ్‌లో, అహ్మది సైటులో స్కఫోల్డింగ్ ఎక్కాలి, కాలు పోతే పని పోతుంది, పని పోతే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది, అన్నీ తెలిసీ నొప్పి మాత్రలు మింగి ఆడుతూనే ఉన్నాను!

ఆడింది ఆస్ట్రేలియావాళ్ల ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని ఎదుటివాడి భుజాలమీదికి ఎగిరి చేతులతో అందుకోవాలి. రాజంపేటలో వాలీబాల్ ఆడినవాణ్ణి కాబట్టి మా కంపెనీలోని ఆ దేశపు ఇంజనీర్లు నన్ను జట్టులో చేర్చుకున్నారు. గల్ఫ్ పోటీల్లో నా అంత ఎత్తు ఎగిరేవాడు లేడన్నారు. "ఏం రా రెక్కలోడా, ఈ వారం ఎవురి నెత్తినెక్కినావు?" అని క్యాంపులో మనవాళ్లు నవ్వేవారు. మాత్రలకన్నా ఆ పేరే నాకు పెద్ద మత్తు.

అప్పుడు మన దేశం నుంచి వచ్చిన ఒక దైవజనుడు మోకాలికి నూనె రాసి, స్వస్థత అయిపోయింది, పట్టీ విప్పి ఎగురు అన్నాడు. ఎగిరాను. సభంతా చప్పట్లు! తర్వాతి మ్యాచ్‌లో నేలకు దిగుతుంటే లోపల ఏదో తెగింది, అక్కడే కూలిపోయాను. చప్పట్లు కొట్టినవాళ్లే నీ విశ్వాసం చాలలేదన్నారు, ఆపరేషన్ అంటే అవిశ్వాసమన్నారు. నేను అడుగుతున్నాను, కళ్లిచ్చిన దేవుడు ఎక్స్‌రే చూడొద్దన్నాడా? తెగిన కాలు మీ చప్పట్లకు అతుక్కుంటుందా?

అయినా ఆరోజు ఆ మాటలకే భయపడి, ఆసుపత్రి మంచం మీద ఆపరేషన్ వద్దంటూ పడుకున్నాను. ఎగైలాలో అరబ్బుల ఇంట్లో వంటపని చేసే మన మరియమ్మక్క, ఆ ఇంటి యజమానురాలు మామాను బతిమాలి, గంట సెలవు తీసుకుని వచ్చింది. వచ్చి, నా కాలి మీద చెయ్యి వేసి ప్రార్థించింది.

"నాయనా, ఈ పిల్లోడు ఎగిరితేనే నీ బిడ్డా? ఎగరకపోతే కాడా? కత్తి పట్టే ఆ డాక్టరమ్మ చెయ్యి నీది గాదా? వీనికి పండుకునే బుద్ధియ్యి తండ్రీ." ఆ ఊపులోనే నావైపు తిరిగి, "ఆమెన్ అను అబ్బీ. అనేసి ఆపరేషన్ కాయితం మీద సంతకం పెట్టు" అంది.

పెట్టాను.

ఇక ఆట లేదు. స్టోరులో కూర్చుని పనిముట్లు ఇస్తున్నాను. కుంటుతున్న సంగతి సాక్ష్యంలో చెప్పొద్దని నాకు సలహా ఇచ్చారు, కానీ ఈ మైకు దగ్గరికి నేను ఎలా నడిచి వచ్చానో మీరంతా చూశారు కదా! మాత్రలు లేకుండా నిద్రపోతున్నాను, దేవునికే మహిమ! నొప్పిని దాచకుండా ఆయన దగ్గరికి రండి, వచ్చేదారిలో డాక్టరుకూ చూపించుకోండి. ఆమెన్ అనండి, నిలబడలేకున్నాను, కూర్చుంటాను.