అత్త చెప్పిన జపాను సినిమా

ఈ రోజు మధ్యాహ్నం ఇంటిల్లిపాది ముందు మా మేనత్తను అబద్ధాలకోరును చేశాను. నవ్వుతూనే అన్నాను. నవ్వుతూ అన్న మాటకు ఎవరూ నొచ్చుకోరని నాకో నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఇదివరకే నొచ్చుకున్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

కారణం ఒక జపాను బొమ్మల సినిమా. మా అమ్మాయికి వాటి పిచ్చి. మొన్న అది ఫోనులో ఏదో చూస్తుంటే వెనక నుంచి తొంగిచూసి, చిన్నప్పుడు నేనూ ఒకటి చూశానని చెప్పాను. పేరు తెలియదు. సముద్రం ఒడ్డున లైటుహౌసు, రోజూ దానెక్కి దీపం వెలిగించే చిన్నపిల్ల, దూరంగా నీళ్లలో నడిచొచ్చే కొండంత మనిషి. అంతే గుర్తు. వంటింట్లో పప్పుకు తాలింపు పడేలోపే అమ్మాయి దాన్ని వెతికి పట్టుకుంది, అదీ తెలుగు మాటలతో. ఆదివారం అందరం కలిసి చూద్దామని వాళ్ల ఊరు వినగడప నుంచి అత్తను పిలిపించాను. ఆ సినిమా నాకు చూపించింది ఆవిడే మరి.

చూపించిందనడం కంటే చెప్పిందనాలి. నా వేసవి సెలవులు వినగడపలో అత్త ఇంట్లోనే గడిచేవి. వడగాలికి తలుపులు మూసి, నేల మీద నీళ్లు చల్లి, పిల్లలందరినీ టీవీ ముందు పడుకోబెట్టేది. కేబులతను తన దగ్గరున్న డిస్కులే తిప్పి తిప్పి వేసేవాడు. వాటిలో ఇదొకటి, అచ్చంగా జపాను భాషలో. కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి గాని మేం కూడబలుక్కునేలోపే పరుగెత్తేవి. అత్తకు ఇంగ్లీషు రాదు. అది ఆవిడకు అడ్డే కాలేదు. చింతపండులో గింజలు తీస్తూ, తలెత్తి ఒక చూపు చూసి, తెరమీద ఎవరేమంటున్నారో తెలుగులో చెప్పుకుపోయేది. తాతకు బొంగురు గొంతు, పిల్లకు సన్న గొంతు. తాత తిడితే అవి వినగడప తిట్లే. ఆ కొండంత మనిషి దారి తప్పినవాడట. దీపం చూసి ఒడ్డుకొచ్చి, మంచినీళ్లు తాగి వెళ్లిపోతాడు. "దారిలో ఉన్నోడికి దీపం కనపడాలిరా" అని ప్రతిసారీ అక్కడ అనేది. మావయ్య అప్పట్లో మామిడికాయల లారీ తోలేవాడు. ఆయన వచ్చేదాకా వాళ్ల వసారాలో బల్బు ఆరేది కాదు. ఆ రెండింటినీ కలిపి చూసే వయసు కాదు నాది.

పెద్దయ్యాక తిరువూరు బస్టాండు దగ్గర మందుల షాపు పెట్టాను. షట్టరు దించినా ముందున్న లైటు మాత్రం తీయను. ఆఖరి బస్సు దిగినవాళ్లు ఆ వెలుగులోనే ఆటో కోసం నిలబడతారు. కరెంటు దండగని మా ఆవిడ అన్నప్పుడల్లా, బొమ్మల సినిమా సంగతి చెప్పలేక, సెంటిమెంటని తప్పించుకునేవాణ్ణి.

ఇవాళ సినిమా సగానికి వచ్చేసరికి తెలిసింది. ఆ దీపం రమ్మనడానికి కాదు, రావద్దనడానికి. వచ్చేవాడు ఊళ్లు ముంచే సముద్రపు భూతం. వెలుగుకు బెదిరి పోతాడని పిల్ల రోజూ వెలిగిస్తుంది.

"ఏంటత్తా, ఇన్నేళ్లూ మాకన్నీ అబద్ధాలే చెప్పావా?" అన్నాను. అందరూ నవ్వారు. అక్కడితో ఆగితే బాగుండేది. మంచినీళ్ల ముచ్చట, తాత తిట్లు ఒక్కొక్కటే తవ్వి మళ్లీ మళ్లీ నవ్వించాను. అత్త కూడా నవ్వింది. "నాకేం తెలుసురా, నోటికొచ్చింది వాగేదాన్ని" అంది. సినిమా అయిన వెంటనే, వాళ్ల ఊరి వైపు పోయే గంపలగూడెం ఆటోలు దొరకవంటూ చెప్పులేసుకుంది. టీకి కూడా ఆగలేదు.

వెనకే వీధి మలుపు దాకా వెళ్లాను. షాపు ముందు లైటు ఎందుకు తీయనో అప్పుడు చెప్పాను. ఇవాళ చూసిన సినిమా ఎవరిదో నాకు తెలియదని, నేను పెరిగింది ఆవిడ చెప్పిన సినిమాతోనని, తప్పు నాదేనని అన్నాను.

అత్త నడక ఆపింది. "అనేటప్పుడు నలుగురిలో అన్నావు. చెప్పేటప్పుడు వీధిలో చెప్తున్నావేంటిరా?"

ఆవిడ చేతిలో సంచీ అందుకుని ఇంటికి తీసుకొచ్చాను. అందరినీ కూర్చోబెట్టి అదే సంగతి మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. మా ఆవిడ మొదటిసారి లైటు సంగతి విని నావైపు అదోలా చూసింది. తర్వాత సినిమా మళ్లీ పెట్టి, సౌండు పూర్తిగా తీసేసి, అత్త పక్కన నేల మీద కూర్చున్నాను. తాత తెరమీదికి రాగానే బొంగురు గొంతుతో ఒక తిట్టు వినిపించింది. మా అమ్మాయి పకపకా నవ్వి ఆవిడ ఒళ్లోకి జరిగింది.

నీళ్లలో కొండంత మనిషి కనిపించాడు.

"మామ్మా, ఈయనేంటి ఇంత మెల్లగా నడుస్తున్నాడు?"

"వయసైపోయింది కదమ్మా. మోకాళ్లు" అంది అత్త. "అయినా వస్తున్నాడు చూడు."

బొమ్మలకు వయసు రాదనుకునేవాణ్ణి. వస్తుంది, చెప్పేవాళ్లతో పాటే.