లంబోర్గిని ఎద్దుకు మూపురం

మదనపల్లె మార్కెట్ యార్డుకు టమోటా లోడుతో వచ్చే ట్రాక్టర్లలో గంగులప్పది దూరం నుంచే తెలిసిపోతుంది. బానెట్టు మీద, ఖరీదైన లంబోర్గిని కార్లకుండే గుర్తు, బంగారు రంగు ఎద్దు స్టిక్కరుంటుంది. లంబోర్గిని వాళ్లు కార్లకంటే ముందు ట్రాక్టర్లే చేశారని కూతురు శ్వేత చెప్పిన రోజునే దాన్ని తెచ్చి అంటించాడు. అప్పటినుంచీ ఆ కంపెనీ వాళ్లు తనకు చుట్టాలైనంత ధీమా. ఎద్దుకు మూపురం లేకపోవడం మాత్రం అచ్చువేసినవాడి మరుపేననుకుని, పెయింటుతో తనే ఒకటి దిద్దాడు. రోజూ తాళం తిప్పేముందు దాన్ని ఒకసారి నిమురుతాడు.

మొన్న పుంగనూరు దారిలో టీ అంగడి ముందు నిజం లంబోర్గినియే వచ్చి ఆగింది. గంగులప్ప తువ్వాలు చంకలో ఇరికించుకుని, నేలబారు కారు ముక్కుదాకా వంగి చూశాడు. అక్కడి ఎద్దుకూ మూపురం లేదు. "తప్పు నీదే గదప్పా, నీ ట్రాక్టరు మీది మూపురం చెరిపెయ్," అని నవ్వింది అంగడి సిద్దమ్మ. గంగులప్ప తాపీగా టీ ఊదుకుంటూ, "వాళ్లది ఉరికే ఎద్దమ్మా. నాది లోడు లాగల్ల. మూపురం లేకుంటే కాడి యాడ నిలస్తాది?" అన్నాడు. మరునాడు యార్డులో ఆ మూపురం ఇంకాస్త ఎత్తుగా కనిపించింది.