దారానికి నిన్న కూడా లెక్కే

సూరత్ పక్కనున్న సచిన్ ఊళ్లో మా యూనిట్ పక్క షెడ్డులో, వారపు సెలవు తర్వాత మగ్గాలు మళ్లీ మొదలైన చప్పుడు వింటే సులోచన మేడం గుర్తొస్తారు. ఇంజనీరింగ్ కాలేజీలో మాకు గణితం చెప్పేవారు. మాలాగే తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన నేతవాళ్ల ఇంటి మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. అవకలనం ఒకసారి, రెండుసార్లు చేస్తాం కదా, సగం సారి చేస్తే ఏమవుతుందని ఆమె అడిగిన రోజు క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. స్ప్రింగు లాగి వదిలితే వెంటనే వెనక్కి వస్తుంది, తేనె రాదు, పాలిస్టర్ దారం ఆ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది, దాన్ని పట్టాలంటే ఆ నడిమి లెక్కే కావాలన్నారు.

ఎం.టెక్‌లో నా ప్రాజెక్టు అదే. ఆగిన మగ్గాన్ని మళ్లీ నడిపితే గుడ్డ మీద అడ్డంగా చార పడుతుంది. అది పడకుండా పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాల, బిగువును సరిచేసే కంట్రోలర్ తయారుచేయాలి. నాన్న నడిపే మగ్గం మీద చేసిన ట్రయల్స్ అన్నీ చెడిపోయాయి. రింగ్ రోడ్డులో బట్టల దుకాణంలో బాబాయి నాకు ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. ఈసారి కూడా కాకపోతే చదువు మానేయాలని ఇంట్లో ఖాయమైంది. దిగులుతో నాకు అన్నం సయించేది కాదు.

మేడం స్వయంగా షెడ్డుకు వచ్చి నా గ్రాఫు చూశారు.

"లెక్క యాడికెల్లి మొదలువెట్టినవ్?"

"స్విచ్ వేసినకాడికెల్లి, మేడం."

"సెలవుకు ముందు మీ నాయిన పడుగు ఒదులు చేసి పోయిండు గదా. దారానికి గది యాది లేదనుకున్నవా? చిన్నప్పటిసంది చూస్తున్నవ్, గింత సోయి లేదా?"

సెలవుకు ముందు పడుగు వదులు చేయడం మావాళ్లందరి అలవాటు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి అది లెక్కలోకి వస్తుందని నాకు తోచనే లేదు. వదులైన దారం సెలవంతా మెల్లగా ముడుచుకుంటూనే ఉంటుంది. నా కంట్రోలరుకు ఆ సంగతే తెలియదు.

"గది గూడ లెక్కేనా మేడం?" అన్నాడు నాన్న.

"గదే లెక్క, అన్నా."

వదులు చేసిన క్షణం నుంచి లెక్క మళ్లీ కట్టాను. తర్వాతి సెలవు ముగిశాక మగ్గం నడిపించాం. మేడం గుడ్డను కిటికీ వెలుగుకు పట్టి చూశారు.

"చార ఉంది. గాని మస్తు తగ్గింది."

"పోయిందని రాయనా, మేడం?" ఆశ చావక అడిగాను.

"తగ్గిందని రాయి. ఉన్నదున్నట్టు రాస్తెనే రేపు నీకు పని మిగుల్తది."

నాన్న అక్కడే నిలబడి బాబాయికి ఫోన్ చేశాడు. "పిల్ల దుకాణానికి రాదురా. చార మస్తు తగ్గిందట. ఇంకా తగ్గించాల్నట."

మేడం ఈమధ్యే పోయారు. ఇప్పుడు ఆ కంట్రోలర్లు నేనే తయారుచేసి అమ్ముతున్నాను. చార పూర్తిగా పోతుందా అని మగ్గాల యజమానులైన సేఠ్‌లు అడిగితే, తగ్గుతుందనే చెబుతాను. కొందరు ఆ మాట వినగానే లేచి వెళ్లిపోతారు. పోనీలే అనుకుంటాను గానీ, మేడం లేరన్న సంగతి అప్పుడే ఎక్కువ బాధపెడుతుంది.