జక్కయ్య గారి అరబ్బీ

సాయంత్రమైతే భవానీపురంలో జక్కయ్య ఇంటి అరుగు మీద కువైట్‌కి వీసా వచ్చినవాళ్లు అరబ్బీ మాటలు నేర్చుకోవడానికి చేరతారు. ఆయన కువైట్‌లో ఓ షేకు ఇంట్లో చాలాకాలం డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి. తెచ్చుకున్న టేప్‌రికార్డరు కిటికీలో దర్జాగా మెరుస్తుంటుంది గానీ, ఆయన మాత్రం సొంత కుర్చీలోనూ అంచునే కూర్చుంటాడు. రోడ్డు మీద కారు హారన్ మోగితే చటుక్కున లేచి నిలబడి, సిగ్గుపడి మళ్లీ కూర్చుంటాడు. "కమ్ అంటే తఆల్. గో అంటే రూహ్. బ్రింగ్ అంటే జీబ్," అని గద్దించినట్టే చెబుతాడు, తను విన్నది అలాగే మరి. ఎవరైనా కొత్త మాట అడిగితే మెడకు చెమట పడుతుంది.

మొన్న నర్సు మార్త అడిగింది. "బాబాయ్ గారూ, డోంట్ వర్రీ అని వాళ్ల భాషలో ఎలా అనాలండీ? వార్డులో పొద్దస్తమానం నేననే మాట అదే. అది రాకుండా వెళ్లాలంటే భయంగా ఉంది."

జక్కయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కళ్లు మూసుకుని, ఆ షేకు ఇంట్లో విన్న మాటలన్నీ పెదాల మీదే ఒక్కొక్కటీ తిరగేశాడు. ఎంతకీ దొరకలేదు.

"తెలీదమ్మా," అన్నాడు చివరికి. "అక్కడ నాతో ఎవరూ ఆ మాట అనలేదు."