బావగారు తానే బిగించుకున్న చట్రం

కొబ్బరికాయలు దింపుతూ చెట్టు మీద నుంచి పడి మంచాన ఉన్న మనుషులు మా అంబాజీపేట చుట్టుపక్కల ఇంకా కొందరున్నారు. వాళ్ళ ఇళ్ళలో ఎవరైనా, పట్టుకుని లేవడానికి మంచం చుట్టూ ఇలాంటి చట్రం కట్టబోతే, నేను చేసిన తప్పు వాళ్ళు చెయ్యకూడదు. ఆ తప్పు గురించి నేను చదివిన పుస్తకాల్లో లేదు. అందుకే రాస్తున్నాను.

పడింది మా అక్క భర్త. వానాకాలంలో తడిసిన మట్ట పట్టు తప్పింది. నడుం కింద స్పర్శ పోయింది, చేతుల బలం మాత్రం చెక్కుచెదరలేదు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే వీపు పుండ్లు పడుతుందని డాక్టరుగారు చెప్పారు. అక్క ఒక్కతే ఆయన్ని లేవదీసేది. రెండు నెలలకి ఆయన వీపున పుండు లేచింది, అక్క నడుం పట్టేసింది. పైన పట్టుకోవడానికి గట్టి బద్ద ఒకటుంటే ఆయన తనంతట తాను లేవగలరు. నాకు కావలసింది అంతే.

నేను కొబ్బరి కొట్టులో గుమాస్తాని. చదువు పదో తరగతితో ఆగింది, మిగతాదంతా అమలాపురం గ్రంథాలయంలో చదువుకున్నదే. ఇనుము మా ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. పైగా ఆ చిన్న గదిలోకి చట్రం విడి ముక్కలుగానే వెళ్ళాలి. మూతపడిన రొయ్యల షెడ్డులో బల్లలు విప్పి అమ్ముతుంటే, నాలుగు పక్కలా పొడవునా గాడి ఉన్న అల్యూమినియం స్తంభాలు కొన్నాను. వాటికి వెల్డింగు అక్కర్లేదు. గాడిలో నట్టు పెట్టి, రెండు ముక్కల్నీ మూల దగ్గర కలిపే మూలబిళ్ళ మీదుగా బోల్టు బిగిస్తే చాలు.

ఆ నట్లు అమలాపురంలో ఒక బోల్టుల కొట్లో దొరికాయి.

"రెండు రకాలున్నాయండీ," అన్నాడు కొట్టతను. "ఇదేమో గాడి చివర నుంచి దూర్చాలండీ. మరిచిపోయేరా, మొత్తం విప్పుకోవాలి. ఇది మటుకు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టి బిగిస్తే, లోపల అదే అడ్డం తిరిగి పట్టేస్తుందండీ."

"రెండోదే ఇవ్వండి," అన్నాను. తెలివైన పని చేశాననుకున్నాను.

ఆదివారం పొద్దున చట్రం నిలబెట్టాను. నాలుగు స్తంభాలు, వాటి పక్కలకు బిగించిన దూలాలు, ఛాతీకి ఎదురుగా ఒక అడ్డబద్ద. బావగారు పట్టుకునేలోపు, కాయల బస్తా ఒకటి దానికి వేలాడదీశాను. ఒక మూలన దూలం స్తంభం గాడి వెంట వేలెడు కిందికి జారింది. విప్పి చూస్తే అక్కడి నట్టు సగమే తిరిగి ఉంది. బిగింపు చేతికి గట్టిగానే తగిలింది కాని, లోపల అంచులే పట్టుకున్నాయి.

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఏవోయ్ బామ్మర్దీ, పుస్తకంలో ఈ పేజీ చింపేసేరా?" అన్నారు బావగారు.

నేను తల దించుకుని, బోల్టు బిగింపు వల్ల పుట్టే రాపిడే బరువు ఆపుతుందని డిప్లొమా పుస్తకంలో చదివింది చెప్పబోయాను. ఆయన వినలేదు.

"కాళ్ళకి తాడు బందం వేసుకుని చెట్టు ఎక్కుతాం కదా. అది మమ్మల్ని మోస్తుందనుకున్నావా? పాదాల్ని చెట్టుకి అదిమి పెడుతుందంతే. మోసేది చెట్టు. నువ్వు దూలాన్ని పక్కకి తగిలించేవు. స్తంభం నెత్తిన పెట్టు. ఇంకోటి, ఒకడు కట్టిన బందం మీద ఇంకొకడు ఎక్కడు. మా నాన్న కట్టిందైనా నేను ఎక్కలేదు."

"అయితే?"

"ఆ ముక్కలు ఇలా తీసుకురా."

మర్నాడు సెలవు పెట్టి అమలాపురం వెళ్ళి, చివర నుంచి దూర్చే నట్లకి మార్చుకొచ్చాను. దూలాల్ని ఒక్కొక్కటిగా ఆయన ఛాతీ మీద అడ్డంగా పెట్టాను. ఆయన ప్రతి నట్టునీ చివర నుంచి గాడిలోకి దూర్చి, వేలితో అటూ ఇటూ జరిపి చూసి, మూలబిళ్ళ కలిపి బోల్టు పట్టించారు. ఈసారి దూలాలు స్తంభాల నెత్తిన కూర్చున్నాయి. ఆఖరి బిగింపు కోసం పొరుగింటి వడ్రంగీ నేనూ ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టాం. అందిన ప్రతి బోల్టునూ ఆయనే బిగించారు. అందనివి నేను బిగిస్తే, పానా కొనకు ఆయన తన చెయ్యి వెయ్యకుండా ఊరుకోలేదు.

బస్తా వేలాడదీద్దామన్నాను. వద్దన్నారు. అడ్డబద్ద పట్టుకుని మూడుసార్లు కుదిపారు, కొత్త బందాన్ని చెట్టు మొదట్లో కుదిపి చూసుకునేవారట అలాగే. తర్వాత మెల్లగా లేచారు. వీపు పరుపు నుంచి జానెడు పైకి వచ్చింది. అక్క గబగబా పక్కదుప్పటి మార్చింది.

పుండు మానడానికి చాలా రోజులు పట్టింది, కాని మానింది.

పేర్లు రాసి కృతజ్ఞత చెబుతానంటే ఎవరూ ఒప్పుకోలేదు. గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం అయ్యగారికి, వాడిన నట్లు వెనక్కి తీసుకున్న కొట్టతనికి, పని మానుకుని వచ్చిన వడ్రంగికి, ఒక్క మాటా అనని మా అక్కకి నమస్కారాలు. బావగారికి చెప్పబోతే, "ముందు ఆ పానా ఇలా అందించు," అన్నారు. నెలకోసారి బోల్టులన్నీ ఆయనే సరిచూసుకుంటారు.