కోత లేని మందు కోసం సూర్యాపేట, కోదాడ

చివరి రోజు నా భార్య సుజాత పొద్దున సగం ఇడ్లీ తిన్నది. మధ్యాహ్నం చలిజ్వరం వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. పిత్తాశయంలోని రాయి నాళంలోకి జారి అడ్డుపడిందన్నారు మిర్యాలగూడలో. హైదరాబాద్ తీసుకెళ్తుంటే నల్గొండ దాటాక అంబులెన్సులోనే పోయింది. ఆపరేషన్‌కు భయపడి ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చింది.

ఇప్పుడు కోదాడలో ఆమె చెల్లెలు లలితకూ అవే రాళ్లు. కోత లేకుండా, అడ్రినలిన్ తరహా మందులతో వీటికి వైద్యం చేయొచ్చా అన్న పరిశోధన గురించి చదివి ఫోన్లో చెప్పాను. అంతే, ఆమె ఆపరేషన్ ఆపుకుంది. నిజమేమిటో కనుక్కుందామని ఈ ఉదయం బయల్దేరాను.

మిర్యాలగూడలో ఏడు గంటలకు బస్సెక్కితే గంటన్నరలోపే సూర్యాపేట. బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటో ముప్పై రూపాయలు.

"ఎవలికి బాగలేదు సార్?" అన్నాడు డ్రైవర్.

"ఎవరికీ కాదు. డాక్టర్‌ను ఒక మాట అడగాలి."

"ఉత్తగ అడిగినా గాడ ఫీజు కట్టాలె సార్!"

కట్టాను. సర్జన్ ఓపిగ్గా విన్నాడు. భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ లాంటి మందులు పిత్తాశయం కండరాన్ని వదులు చేస్తాయా అన్నది అసలు ప్రశ్నట.

"వదులైతే రాయి కరుగుతుందా?"

"కరగదండీ. తెలుసుకోదగ్గ సంగతే కానీ, నేను రాసివ్వగలిగే మందు కాదు. ఆమెకు నొప్పి వస్తోందంటున్నారు కదా, ఆపరేషనే మంచిది."

ఇంకా అడగాలనిపించింది. బయట జనం పెరిగారు.

హైవే మీద గంటలో కోదాడ. లలిత గుమ్మంలోనే అడిగింది. "బావా, దొరికిందా మందు?" చేతిలో కొండపిండి ఆకు కషాయం.

"అది కిడ్నీ రాళ్లకు తాగేది."

"ఏడున్నా రాయి రాయే కద!"

"విజయవాడ బస్సెక్కి హైదరాబాద్‌ల దిగుతనంటే ఎట్ల?"

నవ్వింది. డాక్టర్ మాటలు చెప్పాను. నవ్వు ఆగింది.

"అక్క గూడ గిట్లనే భయపడ్డదా?"

"భయపడ్డది."

కషాయం తీసుకెళ్లి కరివేపాకు మొదట్లో పోసింది. "నువ్వు తోడొస్తవా బావా?"

భయంలో ఊరేదే ఎప్పటికైనా మందవుతుందేమో. దాని గురించి చదవడం మానను. లలిత మాత్రం అందాకా ఆగకూడదు. ఇదే పని మీద వచ్చేవాళ్లకు ఒక మాట: పిత్తాశయం స్కాన్ అంటే పరగడుపున రమ్మంటారు, బస్టాండులో టీ కూడా తాగకండి. రేపు పొద్దున స్కాన్‌కు లలితతో సూర్యాపేట మొదటి బస్సెక్కుతాను. నేనూ ఏమీ తినను.